ఒక బత్తి కాలేంత సేపు

మా షెడ్డులో గురువారం సాయంత్రానికి ఒక పద్ధతి ఉండేది. వారమంతా ఎండిన ఊదుబత్తుల కట్టల్లోంచి అబ్బా, అంటే మా నాన్న, ఏరకుండా ఒక బత్తి లాగి, గుమ్మం దగ్గరున్న ఇసుక డబ్బాలో గుచ్చి వెలిగించేవాడు. అది కాలిపోయి అడుగున పుల్ల ముక్క మిగిలేదాకా ఎవరూ సరుకు గురించి గానీ కూలి గురించి గానీ నోరు విప్పకూడదు. మధ్యలో ఆరిపోయిందంటే సరుకులో తడి మిగిలిందన్నమాట. కట్టలు మళ్లీ ఎండకు పోయేవి, మాటలన్నీ వచ్చే గురువారానికి వాయిదా పడేవి.

అబ్బా దాన్ని సరుకు పరీక్షగానే మొదలుపెట్టాడు. కానీ అంతమంది ఆడవాళ్లు అంత సేపు మౌనంగా కూర్చుంటే అది పరీక్షగా మాత్రమే ఎలా మిగులుతుంది? తండా నుంచి వచ్చే ఆడవాళ్లు కొంగు నెత్తిన వేసుకుని కళ్లు మూసుకునేవారు. పుల్లలు తెచ్చే మేదరి పెద్దమ్మ పొగ వంక చూస్తూ పెదవులు కదిపేది. నేను తస్బీహ్ పూసలు తిప్పుకునేదాన్ని. నేను ఖమ్మంలో ఆడపిల్లల మదర్సాలో చదువుకున్నాను, అసర్ నమాజు తర్వాత పిల్లలకు మా ఇంటి వరండాలో గ్రంథం చదవడం నేర్పుతాను, శుక్రవారం ఆడవాళ్ల జమాతులో నాలుగు మాటలు చెబుతాను. కానీ దైవం ముందు ఊరకే కూర్చోవడం ఎలాగో నాకు మదర్సా కంటే ఆ షెడ్డే ఎక్కువ నేర్పింది.

రంజాన్ నెలలో ఒక చిక్కు వచ్చేది. పొగను కావాలని పీలిస్తే రోజా, అంటే ఉపవాసం, పోతుంది. అందుకని ఆ నెలలో ఇసుక డబ్బాను బయట నీళ్ల డ్రమ్ము అవతల పెట్టి, మేము పొగ రాని వైపు దూరంగా కూర్చునేవాళ్లం. తండా అక్క ఒకామె, నోటి దురుసు మనిషి, ఏటా నన్ను ఒకే మాట అడిగేది.

“మీ దేవుడు అన్నం బంద్ వెట్టిండు, సరే. పొగ గూడ బంద్ వెట్టిండా ఆపా?”

“పొద్దు గూకినంక పెడ్తడు అక్కా. నీ వాటా కూడ నేనే పీలుస్త.”

ఇది టేకులపల్లి నుంచి అడవి వైపు పోయే రోడ్డు పక్కన ఉన్న షెడ్డు కథ. జామాయిల్ కట్టెలతో, వెదురుతో సారపాక కాగితపు మిల్లు వైపు పోయే లారీలు మా గుమ్మం ముందు నుంచే పోతాయి. అవి పోతున్నంత సేపూ మా రేకులు అదురుతుంటాయి. ఆ షెడ్డు మూతపడుతుందా నిలబడుతుందా అన్న భయంతో మేము గడిపిన ఒక రంజాన్ గురించి, దాని తర్వాత వచ్చిన ఒక గురువారం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు పుల్ల సంగతి చెప్పాలి. ఊదుబత్తికి బొగ్గు పొడి, జిగురు పొడి, వాసన ఎంత ముఖ్యమో, లోపలి వెదురు పుల్ల అంత ముఖ్యం. అబ్బా రోజుల్లో ఆ పుల్లలన్నీ పెద్దమ్మ చీల్చినవే. బొంగును గణుపుల మధ్య కోసి, కత్తితో చీలుస్తూ పోతే చివరికి సన్నటి నాలుగు పలకల పుల్ల మిగులుతుంది. ఆమె, ఆమె చెల్లెలు, కోడలు కలిసి వారానికి సరిపడా చీల్చి గురువారం మోపు దించేవారు. తండా ఆడవాళ్లు పీటల మీద ముద్ద పరిచి అరచేత్తో ఆ పుల్లకు చుట్టేవారు. వాళ్ల అరచేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. పెళ్లిళ్లకు పోయినా ఆ నలుపు గోళ్లలో కనబడేదని నవ్వుకునేవారు.

తర్వాత ఢిల్లీలో ఎవరో పుల్లల మీద దిగుమతి సుంకం తగ్గించారు. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు. మాకు తెలిసిందల్లా ఖమ్మం వ్యాపారి ఒకాయన అట్టపెట్టెలు దించి, లోపలి నుంచి తెల్లటి, గుండ్రటి, సూదుల్లాంటి పుల్లలు తీసి చూపించడమే. పెట్టె మీద మాకు చదవరాని లిపి. పెద్దమ్మ పుల్ల కంటే అగ్వ, చవక. అబ్బా వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, వద్దని తిరిగి ఇచ్చేశాడు. కానీ పక్క మండలంలో బత్తులు చేసేవాళ్లంతా ఆ పుల్లకు మారిపోయారు. వాళ్ల బత్తి ధర ముందు మా బత్తి నిలవలేదు. ఆ చలికాలమే అబ్బా అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయాడు. భాయిజాన్, అంటే మా అన్నయ్య, షెడ్డు చేతికి తీసుకున్నాడు. మొదటి నెలలోనే ఆ పెట్టెలు మా షెడ్డులోకి వచ్చాయి.

పెద్దమ్మకు ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ మాటకు తర్వాత వస్తాను. ఆమె, ఆమె వాళ్లు మా దారి వదిలి సారపాక వైపు పోయారు. కొడుకుకు అక్కడ మిల్లు యార్డులో కాంట్రాక్టు పని దొరికింది. ఆమె మిర్చి ఏరడానికి కూలి గుంపులతో పోతోందని విన్నాం.

కొన్నేళ్లకు గాలి అటు నుంచి ఇటు తిరిగింది. బయటి దేశాల నుంచి చుట్టిన బత్తులే వచ్చి పడుతున్నాయని, మన వాళ్ల చేతి పని పోతోందని ఢిల్లీ పెద్దలకు తోచింది. తయారైన బత్తుల దిగుమతి ఆపారు. మండలాఫీసులో మీటింగు పెట్టి, బత్తులు చేసే మిషన్ రాయితీ మీద ఇస్తామన్నారు, స్థానికులకు పని పెరుగుతుందన్నారు. భాయిజాన్ రెండు రాత్రులు ఇస్తిఖారా నమాజు చేశాడు. ఏదైనా పెద్ద పని తలపెట్టేముందు, ఇది నాకు మేలైతే సులువు చెయ్యి, కీడైతే నా నుంచి దూరం చెయ్యి అని అల్లాహ్‌ను అడిగే నమాజు అది. మూడో వారానికే బ్యాంకు అప్పు కాగితాలు ఏ అడ్డూ లేకుండా అయిపోయాయి. ఇంతకంటే జవాబు ఏం కావాలని అమ్మీ అంది. నేనూ అవునన్నాను.

మిషన్ వచ్చింది. దాని నోట్లో పుల్ల పెడితే తుపాకీలా టకటకా బత్తులు వదిలేది. అది గుండ్రటి పుల్ల మాత్రమే తింటుంది. చేత్తో చీల్చిన పుల్ల ఇస్తే మధ్యలో ఇరుక్కుని ఆగిపోతుంది. అప్పుడు ఆ సంగతికి ఎవరం పెద్ద విలువ ఇవ్వలేదు. గుండ్రటి పుల్ల ఖమ్మంలో ఎంత కావాలంటే అంత దొరికేది. భాయిజాన్ చేత్తో చుట్టే ఆడవాళ్లెవరినీ పంపేయలేదు. తండా అక్కను మిషన్ మీద కూర్చోబెట్టి, మిగతావాళ్లను ఎండబెట్టడానికి, వాసన పట్టించడానికి, ప్యాకింగుకు సర్దాడు. వాళ్ల అరచేతులు తెల్లబడ్డాయి. అందరి పనీ ఆ మిషన్‌ను పట్టుకుని వేలాడుతోందని మాత్రం మా ఎవరికీ తట్టలేదు.

నేను చెప్పాలనుకున్న రంజాన్‌కు కొంచెం ముందు, బయటి పుల్ల మీద సుంకం బాగా పెంచారని వార్త వచ్చింది. వెదురు పెంచే రైతుల కోసం, పుల్లలు చీల్చే చేతుల కోసం అని రాశారు. నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆ శుక్రవారం ఆడవాళ్ల జమాతులో ఆ వార్త చెప్పి, పోయిన రిజ్క్‌ను అంటే బతుకుతెరువును, తిరిగి ఇచ్చేవాడు ఆయనేనని అందరితో షుకర్ చెప్పించాను. అందరూ ఆమీన్ అన్నారు. పెదవులతో కాదు, నిజంగానే సంతోషించాను.

తర్వాతి వారం ఖమ్మం వ్యాపారి ఫోన్ ఎత్తడం మానేశాడు. భాయిజాన్ బస్సెక్కి వెళ్లాడు. ఉన్న సరుకు పెద్ద కంపెనీలు ముందే పట్టుకుపోయాయని, కొత్త ధరకు తెప్పించినా మీలాంటివాళ్లు కొనలేరని, కొన్నాళ్లు ఆగమని చెప్పాడట. మన దగ్గర గుండ్రటి పుల్ల చేసే మిషన్లు ఎక్కడున్నాయని అడిగితే, వస్తాయట, అస్సాం దిక్కు పెడుతున్నారట అన్నాడట. భాయిజాన్ తిరిగొచ్చి, మిషన్ స్విచ్చి తీసేసి, పాత దుప్పటి కప్పాడు.

మిషన్ చప్పుడు లేకపోతే షెడ్డు ఎంత పెద్దగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. ప్యాక్ చేయడానికి ఏమీ లేదు. ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చేవారు. ఇంటికి పొమ్మని భాయిజాన్ అనడు, పొమ్మంటాడేమోనని వాళ్లు తల ఎత్తరు.

ఆ ఏడు రంజాన్ నెలలోనే శ్రీరామనవమి. భద్రాచలం గుడి వీధిలో ఒక దుకాణదారు కల్యాణానికి వచ్చే జనం కోసం ఏటా మా బత్తులే తీసుకునేవాడు. మాకు ఏడాదిలో అదే పెద్ద బేరం. ఆ సరుకు పోతే తర్వాతి నెలలు గడుస్తాయి, పోకపోతే లేదు. ఆయన ఫోన్ చేసి, ఇంకా సరుకు కదల్లేదేంటని అడిగాడు. భాయిజాన్ కొన్నాళ్లు గడువు అడిగాడు.

“నవమి దాటినంక నీ బత్తి నాకెందుకు భాయ్? నువ్వు ఇయ్యకుంటే కంపెనీవోడు రేపే దింపుతనంటుండు. ఒక్కసారి వాడు దుకాణంల జొచ్చిండంటే మళ్ల బయటికి పోడు. చెప్తున్న.”

ఫోన్ స్పీకరులో ఉంది. షెడ్డులో అందరూ విన్నారు.

కాసేపటికి తండా అక్క మిషన్ మీది దుప్పటి సర్దుతూ, ఎవరితోనో కాదన్నట్టు అంది: “మాకు చుట్టుడు రాదా ఏంది. పుల్ల ఉంటే గద.”

పుల్ల ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలుసు.

మరునాడు నేను, భాయిజాన్ రోజా మీదే సారపాక బస్సెక్కాం. ఎండ అప్పటికే ముదిరింది. రిజ్క్ ఇచ్చేవాడు ఒక్కడేనని పిల్లలకు రోజూ నేర్పే మాటను నేను లోలోపల మళ్లీ మళ్లీ అనుకుంటూ కూర్చున్నాను. ఆ మాట మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయన ఇచ్చింది మా దాకా రావడానికి ఎన్ని చేతులు దాటాలి, అందులో ఎన్ని చేతులు మమ్మల్ని ఎప్పుడూ చూడనివి అని ఆ రోజే మొదటిసారి ఆలోచించాను.

పెద్దమ్మ ఇల్లు మిల్లు కాలనీ వెనక, రేకుల వరసలో ఉంది. ఆమె గడపలో కూర్చుని మిర్చి తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమని చాప మాత్రం జరిపింది. నీళ్లు తేబోయి, మా రంజాన్ నెల గుర్తొచ్చి ఆగిపోయింది. అబ్బా పోయినప్పుడు రాలేకపోయానని నాతో అంది. భాయిజాన్ వచ్చిన పని చెప్పాడు. ఆమె తొడిమలు తీస్తూనే విన్నది.

“ఇప్పుడు యాదికొచ్చిన్నా సేటూ?”

“అప్పుడు సుంకం తగ్గించిండ్రు పెద్దమ్మా. బయటి పుల్ల అగ్వకు వచ్చింది. నేను ఒక్కన్ని ఏం చేస్త?”

“నాకు సుంకం తెల్వది. నాకు ఆటోవోడు తెల్సు. నేను మోపు నెత్తిన వెట్టుకొని రోడ్డు మీదికొస్తే, ఆటో ఆపి చెప్పిండు: ‘నీ పుల్లలు ఇగ అక్కర్లేదట, సేటు చెప్పమన్నడు.’ గంతే. మీ నాయిన ఉంటే గట్ల చెప్పి పంపేటోడా?”

భాయిజాన్ చూపు నేల మీద ఉంది. ఆటోవాడి సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. వేళ్లు ఎర్రగా మండుతున్నట్టు ఉన్నాయి. చెల్లెలు, కోడలు ఉన్నారని, కత్తులు అమ్ముకోలేదని, వెదురు అవతలి ఊరి రైతు చేను గట్ల మీద ఉందని ఆమే చెప్పింది. మా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు ఆమె తొడిమలు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“చీలుస్త. గానీ నవమి కోసం ఒక్కదానికే అయితే చీల్చ. మిర్చి పని ఇడిసిపెట్టి వస్తే, ఆ గుంపుల మళ్ల నాకు జాగ ఉండదు. మళ్ల సుంకం తగ్గిందని నన్ను తోలియ్యనని ప్రమాణం జెయ్యి. కాయితం మీద కాదు. కాయితం మీద ఎవడైనా రాస్తడు. మీ దేవుని మీద జెయ్యి. గీ నెలల మీరు అబద్ధం ఆడరంటరు గద.”

నా సంచిలో గ్రంథం ఉంది. ఎక్కడికి పోయినా ఉంటుందని ఆమెకు తెలుసు. మా ధర్మంలో దాని మీద చెయ్యి వేయనక్కర్లేదు, అల్లాహ్ పేరు తీస్తే చాలు, ఆ పేరు తీశాక వెనక్కి పోవడం లేదు. ప్రమాణం తప్పితే చేయాల్సిన ప్రాయశ్చిత్తం ఉంది, ఆ నియమాలు నేను పిల్లలకు పాఠంగా చెప్పినవే. కానీ తప్పబోతున్నానని తెలిసి నోరు తెరిచేవాడికి ఏ ప్రాయశ్చిత్తం చెబుతాం? భాయిజాన్ నా వంక చూశాడు. నేను ఒక్క మాట అంటే, చెయ్యి అని కళ్లతో సైగ చేస్తే, చేసేవాడు. బయట మిల్లు షిఫ్టు మారే సైరన్ మోగింది. నా లోపల తండా ఆడవాళ్ల ముఖాలు, గుడి వీధి దుకాణం, దుప్పటి కప్పిన మిషన్. నేను కళ్లు దించుకున్నాను.

“చెయ్యలేను పెద్దమ్మా,” అన్నాడు భాయిజాన్. “ఢిల్లీల రేపు ఏం రాస్తరో నాకు తెల్వది. వాళ్లు రాసినదానికి నేను అల్లాహ్ పేరు ఎట్ల అడ్డం పెడ్త?”

“మరి లేచి పోరాదు?”

“ఒక్కటి చెయ్యగలుగుత. ఆపాల్సి వస్తే నేనే చెప్త. ఆటోవోనితోని కాదు. గురువారం నాడు, నీకు ఎదురుంగ కూసుండి, బత్తి కాలినంక, నా నోటితోని చెప్త. దీనికి అల్లాహ్ పేరు మీద మాట ఇస్తున్న.”

గడప అవతల ఒక కోడి మిర్చి గింజ పొడిచి తల విదిలించుకుంది.

“గిది చాన తక్కువ మాట సేటూ,” అంది పెద్దమ్మ.

“అవ్ పెద్దమ్మా.”

“గానీ దొంగ మాట అయితే కాదు.” ఆమె లేచి లోపలికి పోయి, కోడల్ని పిలిచి, అటక మీది కత్తులు దించమంది.

పెద్దమ్మను వెంటబెట్టుకుని పోయి వెదురు కొన్నాం. ట్రాలీలో తెస్తుంటే అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర ఆపారు. అడవి బొంగు కాదు, చేను బొంగని రైతు రాసిచ్చిన కాగితం చూపించాం. గట్టు మీది వెదురు నరకడానికి ఇప్పుడు అడ్డు లేదని భాయిజాన్ చెప్పాడు. ఆ ఆర్డరు మా దాకా రాలేదు, పెద్ద సారు రావాలె అన్నారు. రోడ్డు మీద నీడ లేదు. మా ముందు నుంచి మిల్లు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. భాయిజాన్ అటూ ఇటూ నడిచాడు, నేను దువాలు చదువుకుంటూ ట్రాలీ చక్రం పక్కన కూర్చున్నాను. ఎండలో ఎక్కువసేపు ఉంటే బొంగు పగులుతుందని పెద్దమ్మ గోనె సంచులు తడిపి దాని మీద కప్పుతూనే ఉంది. పొద్దుగూకినప్పుడు చేసే మగ్రిబ్ నమాజుకు కొంచెం ముందు సారు వచ్చి, కాగితం చూసి, పొమ్మన్నాడు. మేము ఆ రోజు రోజా విడిచింది చెక్‌పోస్టు కుండ నీళ్లతోనే. కుండ దగ్గరున్న గార్డు ఖర్జూరాలు లేవని నొచ్చుకుని, తన టిఫిన్ డబ్బాలోంచి బెల్లం ముక్క ఇచ్చాడు.

ఆ తర్వాత షెడ్డులో పండగ రోజుల్లో ఉండే చప్పుడు. ఒక మూల చీల్చే చప్పుడు, ఇంకో మూల పీటల చప్పుడు. తండా ఆడవాళ్లు మొదటి రోజు చుట్టినవి వంకరపోయాయి. ఒకచోట లావు, ఒకచోట సన్నం. తండా అక్క తను చుట్టిన దాన్ని పైకెత్తి చూసి, ఇది పాము మింగిన ఎలుక లెక్క ఉన్నదని విసిరికొట్టింది. అందరూ నవ్వారు, పెద్దమ్మ తప్ప. రెండో రోజుకు చేతులకు పాత పని జ్ఞాపకం వచ్చింది. మూడో రోజుకు అరచేతులు నల్లబడ్డాయి. అయినా మిషన్ వదిలినంత చేతులెలా వదులుతాయి? బత్తులు ఎండడానికి ఎండ కావాలి. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. అందరం పళ్లేలు లోపలికి, బయటికి మోశాం. రోజా మీద ఉన్న నా కళ్లు తిరిగితే, పెద్దమ్మ నా చేతిలోని పళ్లెం లాక్కుని నన్ను గోడకు కూర్చోబెట్టింది. ఆ నవమి దాకా నేను చేసిన ప్రతి నమాజులో అడిగింది ఒక్కటే, ఈ సరుకు సమయానికి పోవాలని. రాత్రి తరావీహ్ నమాజులో నిలబడితే కాళ్ల నొప్పి కంటే ముందు మబ్బు గుర్తొచ్చేది.

అనుకున్న సరుకంతా పోలేదు. సగానికి కొంచెం పైన పోయింది. గుడి వీధి దుకాణదారు పెట్టెలు విప్పి, ఒక్కో బత్తి ఒక్కో లావుందని సణిగాడట. మిగతా అరల్లో కంపెనీ బత్తులు అప్పటికే సర్ది ఉన్నాయట. అయినా తీసుకున్నాడు, డబ్బు చేతిలో పెట్టాడు. వచ్చే ఏడూ కొంత తీసుకుంటానన్నాడు. భాయిజాన్ ఆ సాయంత్రం ఇఫ్తార్ వేళకు ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే, షెడ్డు మూయనక్కర్లేదని అమ్మీతో అన్నాడు.

పండగ అయిపోయింది. రంజాన్ తర్వాతి షవ్వాల్ నెల. పెద్దమ్మ వారం వారం పది పన్నెండు కట్టల మోపు తెస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం ఖమ్మం వ్యాపారి తనంతట తానే ఫోన్ చేశాడు. గుండ్రటి పుల్ల మళ్లీ వస్తోందట. మనతో ఒప్పందం ఉన్న దేశం నుంచి తెప్పిస్తే ఆ పెరిగిన సుంకం పడదట. ధర పాత ధరే. పెట్టెలు రేపే పంపుతానన్నాడు. భాయిజాన్ ఫోన్ పెట్టేసి మిషన్ దగ్గరికి పోయి, దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డాడు. బ్యాంకు వాళ్లు అంతకుముందు వారమే వచ్చి, నడవని మిషన్‌ను ఫోటో తీసుకుని పోయారు.

“చెప్పాలె,” అన్నాడు నాతో.

“గురువారం,” అన్నాను.

ఆ గురువారం పెద్దమ్మ కోడలితో కలిసి మోపు దించింది. రంజాన్ పోయింది గనక ఇసుక డబ్బా మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది. భాయిజాన్ ఒక బత్తి లాగి గుచ్చి వెలిగించి, ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా పెద్దమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. అంతే, ఆమెకు అర్థమైపోయింది. తండా అక్కకు కూడా అర్థమైంది. మిషన్ నడిస్తే దాని మీద కూర్చునేది తనే. ఆమె తల పక్కకు తిప్పుకుంది. పొగ సన్నగా పైకి లేచి రేకుల కింద విడిపోతోంది. నా చేతిలో తస్బీహ్ ఉంది కానీ వేళ్లు కదలలేదు. ఆ మనిషికి భాయిజాన్ ఆ మాట ఎలా చెబుతాడోనని తలుచుకుని, చెప్పకుండా ఉండే దారి ఏదైనా తెరవమని అల్లాహ్‌ను, అడగడానికి సిగ్గుపడుతూనే, అడిగాను.

బత్తి సగం దాకా కాలి ఆరిపోయింది.

ఒక్కసారిగా అందరం ఊపిరి వదిలాం. అబ్బా పెట్టిన పద్ధతి ప్రకారం ఆ రోజుకు ఇక మాటలు లేవు. కట్టలు ఎండకు పోవాలి, ఏదైనా వచ్చే గురువారమే. భాయిజాన్ ముఖంలో ఆ ఊరట నేను స్పష్టంగా చూశాను. అతను లేవబోయాడు.

పెద్దమ్మ ముందుకు వంగి, ఇసుక డబ్బా పక్కనున్న అగ్గిపెట్టె తీసుకుని, ఆ సగం బత్తిని తనే మళ్లీ వెలిగించింది. అంటుకునేదాకా అరచెయ్యి అడ్డం పెట్టింది.

“కూసో సేటూ,” అంది.

అతను కూర్చున్నాడు. ఈసారి అది ఆరలేదు. నిప్పు మెల్లగా కిందికి దిగి, నల్లటి భాగమంతా అయిపోయి, ఆమె చీల్చిన పుల్ల దగ్గర ఆగింది. బూడిద ఇసుకలో పడింది.

“గుండ్రటి పుల్ల మళ్ల వస్తుంది పెద్దమ్మా. మిషన్ నడపకుంటే బ్యాంకోళ్లు ఊకోరు. నీ పుల్ల తగ్గిస్తున్న.”

“ఆపుతున్నవా, తగ్గిస్తున్నవా? ఒక్కటి చెప్పు.”

“తగ్గిస్తున్న. గుడి వీధి దుకాణానికి చేతి బత్తి కొంత చేస్త. దానికి నీ పుల్లనే.”

“ఎప్పటిదాక?”

“తెల్వది.”

ఆమె తల ఊపింది. కోడలు ఏదో అనబోతే చేత్తో ఆపింది. మిర్చి గుంపులో ఆమె చోటు పోయిందని మాకందరికీ తెలుసు. ఢిల్లీలో ఏ సుంకం పెంచినా ఏ సుంకం తగ్గించినా ఆ చోటు తిరిగి రాదు. ఆమె ఇసుకలో మిగిలిన పుల్ల ముక్కను పీకి, కొనకు అంటిన బూడిదను వేళ్లతో నలిపి చూసుకుంది. తర్వాత మోపు కట్టిన తాడు విప్పి చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. ఆ తాడు ఆమెదే, వారం వారం తిరిగి తీసుకుపోయేది.

రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. భాయిజాన్ లేచి ఆమె వెంట గుమ్మం దాటి, రోడ్డు దాకా నడిచాడు. నేను వెనకే పోయాను. వెదురు లారీ ఒకటి సారపాక వైపు పోతుంటే ముగ్గురం ఆగాం, దాని దుమ్ము అణిగేదాకా.

“వచ్చే గురువారం ఎన్ని కట్టలు తేవాలె?” అని అడిగింది పెద్దమ్మ.

“ఒకటి,” అన్నాడు భాయిజాన్.

ఆమె ఆటోలో కూర్చుని, తాడు ఒళ్లో పెట్టుకుంది. “ఒకటే తెస్త,” అంది.